తెలుగు వికీపీడియాల మా ఊరి పేజీ: పదేండ్ల అనుభవం

వికీపీడియా అంటే ఏందో చెప్పక్కర్లేదు, అందరు చూసేదే. చూసుడు వేరు, రాసుడు వేరు. 2015ల పరకాల దగ్గరి మా ఊరి పేజీల రాయబట్టిన. ఇప్పటికీ అందుల నాకు బాగ నచ్చింది ఒక్కటే, పేజీ చరిత్ర చూపే బటన్. నొక్కితే ఎవరు ఏ రోజు ఏం రాసిండ్రు, ఏం కొట్టేసిండ్రు, కామాతో సహా కనబడుతది.

మొదట్ల నాకు మంట పుట్టించింది గూడ అదే. మా చెరువు మీద పెద్ద పేరా రాసిన. మత్తడి దుంకితే నీళ్లు కింది ఊరి చెరువుకు ఎట్ల పోతయి, తూము తీసే నీరటిది ఏ ఇల్లు, అన్నీ మా తాత చెప్పినయే. వారం తిరగకముందే ఎవరో మొత్తం తీసేసిండ్రు. కారణం రెండే ముక్కలు: "మూలం లేదు". నా ఊరు, నా చెరువు, నడుమ నువ్వెవరని చర్చ పేజీల గట్టిగనే అడిగిన. "ఊరు మీదే, పేజీ ఎవ్వరిదీ కాదండి" అన్నరు. రాసింది ఎవరైనా మార్చుకోవచ్చని ప్రచురించే బటన్ దగ్గర క్రియేటివ్ కామన్స్ అనే లైసెన్సు మాట ఉండనే ఉంటది, చదవకుండ నొక్కింది నేనే. అయినా అలిగిన. ఆరేండ్లు అటు దిక్కు చూడలే.

2021ల వరంగల్ అర్బన్ పేరు హనుమకొండ అయింది, పరకాల అందుల కలిసింది. ఊరు కదలకుంటనే ఐదేండ్లల్ల రెండుసార్లు జిల్లా మారింది. 2016 దాక వరంగల్, తర్వాత వరంగల్ రూరల్, ఇగ హనుమకొండ. పేజీల తప్పే ఉంటది, ఎత్తి చూపుదామని పోయిన. జిల్లా అప్పటికే సరి చేసి ఉన్నది. కిందికి జరిపితే నా పేరా! మత్తడి, కింది చెరువు, రెండూ నా మాటల్లనే. ఆధారంగ ఒక పాత పుస్తకం, పేజీ నంబరుతో సహా. చరిత్ర నొక్కి చూస్తే, మళ్ల పెట్టింది ఆనాడు తీసేసిన వాడుకరే. "మొదట రాసినవారి వాక్యాలే" అని పక్కన రాసి మరీ పెట్టిండ్రు.

దీని పక్కన మా ఊరి వాట్సాప్ గ్రూపును పెట్టి చూడుండ్రి. దానికి అడ్మిన్ మా చిన్నాయిన కొడుకు. 2019 సర్పంచి ఎన్నికలప్పుడు ఎదుటి దిక్కోళ్లను తీసేసిండు. ఎందుకని అడిగినోన్ని గూడ తీసేసిండు.

ఇంత పొగిడిన గని, నీరటి ఇంటి ముచ్చట ఇంక పేజీ బయటనే ఉన్నది. తాత నోటిమాటకు పుస్తకం యాడ దొరుకుతది? జనాభా లెక్కలు 2011వే. ముచ్చట్లకు రచ్చబండ అని ఒక పేజీ ఉన్నది, పోతే కనబడేది ఎక్కువ అవే నాలుగైదు పేర్లు. తిరిగొచ్చి చూసేటోళ్లు లేకుంటే చరిత్ర బటన్ ఏం చేస్తది? నా పేరాకే ఆరేండ్లు పట్టె.

నేను రిటైరైన, ఇంట్ల కంప్యూటరున్నది, పొద్దు పోతది. పొద్దంత పనికి పోయొచ్చి చిన్న ఫోన్ల రాసేటోన్ని రాయమని నేనైతే చెప్పలేను. పోయిన వానకాలం మత్తడి ఫొటో ఒకటి పెట్టిన. కింది వాక్యం ఎవరో మార్చిండ్రు. నాకు నా మాటే బాగనిపించింది గని, ముట్టుకోలే.