పికియోనిస్ దారి, కాన్‌స్టాంటినిడిస్ ఇల్లు: గ్రీసు రాతికి రెండు పద్ధతులు

ఇల్లు కట్టాలంటే గ్రీకు వాస్తుశిల్పి అరిస్ కాన్‌స్టాంటినిడిస్‌ (1913–1993) పద్ధతే మేలు. ముంగిట్లో దారి వేయాలంటే మాత్రం మరో గ్రీకు వాస్తుశిల్పి దిమిత్రిస్ పికియోనిస్‌ (1887–1968) దగ్గరికే వెళ్లాలి.

పికియోనిస్ 1954–57లో ఏథెన్స్ అక్రోపోలిస్, ఫిలోపాపు గుట్టల కాలిబాటలు వేయించారు. నగరంలో కూల్చేసిన పాత ఇళ్ల పాలరాయి ముక్కలు, మట్టి పెంకులు ఏరి తెప్పించి, కాంక్రీటుతో కలిపి పొదిగించారు. చాలావరకు ముందే నక్షా గీసుకోలేదు. పనివాళ్ల పక్కనే నిలబడి, రాయిని చూసి దాని చోటు తేల్చేవారు. ఎంత ఓపిక! ఆ కన్ను రోజూ దగ్గర లేకపోతే ఇలాంటి పని అతుకుల బొంత అయిపోతుంది. పైగా పాలరాయి నడకకు నునుపెక్కి, వానలో జారుతుంది.

కాన్‌స్టాంటినిడిస్‌ది కొలత ప్రకారం కట్టే పద్ధతి. ఏథెన్స్ దగ్గరి సముద్రతీర ఊరు అనావిస్సోస్‌లోని వారాంతపు ఇంట్లో (1962) బరువు మోసేవి స్థానిక రాతి గోడలు. వాటిపైన చదునైన కాంక్రీటు శ్లాబు, ఎండకు అడ్డంగా వరండా. గ్రీసు పర్యాటక సంస్థ కోసం కట్టిన క్సేనియా హోటళ్లలోనూ ఇలాంటి క్రమమే కనిపిస్తుంది. బలహీనత ఉన్నది కాంక్రీటులో. సముద్రపు ఉప్పుగాలి సోకితే లోపలి ఇనుము తుప్పుపట్టి ఉబ్బుతుంది, పెచ్చులు ఊడతాయి. తీరంలో కట్టేటప్పుడు ఇనుముపై కాంక్రీటు మందం తగ్గించకూడదు.