స్టోమా చుట్టూ ఎర్రబడి వాస్తే: వన్ పీస్ బ్యాగా, టూ పీస్ బ్యాగా?

వరంగల్ ఎండలకు మామూలు మనిషికే నడుం చుట్టూ చెమటకాయలు పేలుతాయి. ఇక ఆపరేషన్ చేసి పేగును పొట్టమీదికి తెచ్చి పెట్టిన ద్వారం (స్టోమా), దాని మీద మలం పట్టే బ్యాగుతో ఏళ్ల తరబడి తిరిగేవాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. మే నెలలో ప్లేటు (స్టోమా చుట్టూ చర్మానికి అంటించే జిగురు పలక) అంచులు తొందరగా లేస్తాయి, కిందకు మలం చేరుతుంది, ఇక మంట, దురద.

వన్ పీస్‌లో ప్లేటు, సంచి ఒక్కటే. మెత్తగా ఉంటుంది, చొక్కా కింద తెలియదు. కాకపోతే సంచి మార్చిన ప్రతిసారీ ప్లేటూ పీకాలి, దానితో పాటు చర్మమూ ఒరిసిపోతుంది. టూ పీస్‌లో ప్లేటు మూడు నాలుగు రోజులు అలాగే ఉంచి, సంచి మాత్రం మార్చుకోవచ్చు. అందుకే పుండుపడ్డ చర్మానికి టూ పీసే మేలంటారు. నేను సగమే ఒప్పుకుంటాను. ప్లేటు కింద మండుతోందంటే, డబ్బులు పెట్టి కొన్నదే కదా అని ఇంకో రోజు ఆగడం దండగ. ఆ పూటే తీసి చూడాలి.

వాపు ఉంటే లెక్క మారుతుంది. మా బాపుకు నిలబడి దగ్గితే స్టోమా పక్కన ఉబ్బుతుంది, పడుకుంటే తగ్గుతుంది. హెర్నియా అన్నారు. ఆ ఉబ్బు మీద టూ పీస్‌లో సంచిని ప్లేటుకు బిగించే గట్టి రింగు సరిగా కూర్చోదు. సంచి బిగించడానికి నొక్కితే నొప్పి కూడా. అక్కడ నా ఓటు వన్ పీస్‌కే.

అయితే రెండింటికంటే ముందు చూడాల్సింది స్టోమా కోసం ప్లేటులో కత్తిరించిన రంధ్రం. స్టోమా కంటే రెండు మూడు మిల్లీమీటర్లే పెద్దగా ఉండాలి. వాస్తే సైజు మారుతుంది, పాత కొలత పనికిరాదు. ఇలియోస్టమీ (చిన్నపేగుతో పెట్టిన స్టోమా) ఉన్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం. అందులోంచి వచ్చే జీర్ణరసాలు చర్మాన్ని కాల్చేస్తాయి. గోరువెచ్చటి నీళ్లతో కడిగి, మెత్తటి బట్టతో అద్ది, పూర్తిగా ఆరాక స్టోమా పౌడర్ పలచగా చల్లి, మిగిలింది దులిపేయాలి. కొబ్బరినూనె, ఆయింట్‌మెంట్ రాస్తే ప్లేటు అంటుకోదు. పసుపు జోలికి అసలే పోవద్దు. ఎర్రటి మచ్చ చుట్టూ చిన్న చిన్న పొక్కులు పాకుతుంటే ఫంగస్ అయ్యుండొచ్చు. దానికి డాక్టర్ రాసే యాంటీఫంగల్ పౌడర్ వేరే. మెడికల్ షాపులో అడగ్గానే ఇచ్చే స్టెరాయిడ్ కలిసిన క్రీములు దురద తగ్గించినట్టే తగ్గించి ఫంగస్‌ను పెంచుతాయి.

వాచిన చోట వేడిగా ఉండి జ్వరమొచ్చినా, చీము కారినా, స్టోమా నల్లబడినా, వాంతులతో పాటు బ్యాగులోకి ఏమీ రాకపోయినా ఏ బ్యాగు మేలన్న చర్చ వద్దు. రాత్రయినా సరే వరంగల్ ఎంజీఎం ప్రభుత్వాసుపత్రికో, ఆపరేషన్ చేసిన సర్జన్ దగ్గరికో పోవాల్సిందే.

ఇంకొక్కటి. టూ పీస్ కొనేవాళ్లు పాత ప్లేటు డబ్బా వెంట తీసుకెళ్లండి. ప్లేటు ఒక కంపెనీది, సంచి ఇంకో కంపెనీది అయితే రింగు పట్టకపోవచ్చు. కొన్నవాటిని ఎండలో బండి డిక్కీలో వదిలేయకండి, జిగురు పాడవుతుంది.