ఈస్ట్ లండన్‌లో పాత మ్యూజిక్ హాళ్లు: ఏది చూడాలి, ఎక్కడ దిగాలి

మ్యూజిక్ హాల్ అంటే పాటలు, హాస్యం కలిపి చూపించే పాతకాలపు వినోదశాల. ఈస్ట్ లండన్‌లో గడపడానికి ఒక్క సాయంత్రమే ఉంటే విల్టన్స్ మ్యూజిక్ హాల్‌కు వెళ్లండి. టవర్ హిల్ స్టేషన్‌లో దిగి నడవవచ్చు. గ్రేసెస్ ఆలీ అనే సందులో, పాత ఇళ్ల వరుస వెనుక ఉంటుంది. బయటినుంచి చూస్తే ఇదేనా అన్న అనుమానం వస్తుంది. లోపల మెలితిరిగిన సన్నని స్తంభాలు, వాటి మీద మూడు వైపులా బాల్కనీ.

1859లో జాన్ విల్టన్ తన మద్యశాల వెనుక దీన్ని కట్టించాడు. పాటలు, హాస్యం, సర్కస్ విద్యలు అన్నీ ఒకే రాత్రి సాగేవి. 1888లో మద్యమంటే గిట్టని మెథడిస్టు క్రైస్తవ మిషన్ ఈ హాలును తీసుకుంది. మరుసటి ఏడాదే గంటకు ఆరు పెన్నీల కూలి కోసం రేవు కూలీలు సమ్మెకు దిగారు. ఆ రోజుల్లో వాళ్ల కుటుంబాలకు ఇక్కడ రోజుకు వెయ్యి భోజనాలు పెట్టారు. మ్యూజిక్ హాళ్లలో సహాయార్థ ప్రదర్శనలు మామూలే. తోటి కళాకారుల కోసం, ఆసుపత్రుల కోసం ఒక రాత్రి వసూళ్లు ఇచ్చేవాళ్లు. అందులో హాలుకు ప్రచారమూ కలిసొచ్చేది. వాటికంటే సమ్మె రోజుల్లో ఇలా పూటపూటా వండి పెట్టడమే నాకు పెద్ద పని అనిపించింది.

2015లో మరమ్మతులు పూర్తయినా గోడల మీది పాత రంగుల పొరలు, పెచ్చులూడిన చోట్లు అలాగే ఉంచారు. మనవాళ్లయితే ఈపాటికి టైల్స్ అంటించేవారు!

హాక్స్‌టన్ హాల్ 1863 నాటిది, చిన్నది. 1879లో అదీ మద్యనిషేధ ప్రచారకుల చేతికి వెళ్లింది. కార్యక్రమం ఉన్న రోజు చూసుకుని వెళ్లడం మేలు. ఈస్ట్ లండన్ దాటి వెళితే, వాటర్లూ దగ్గరి ఓల్డ్ విక్‌ను 1880లో సంఘ సంస్కర్త ఎమ్మా కాన్స్ మద్యం లేని కాఫీ మ్యూజిక్ హాల్‌గా నడిపింది. ఇప్పుడది పేరున్న నాటకశాల. ఆ కాలపు పేదల జాడ అక్కడ వెతుక్కోవాలి.

బస విషయానికొస్తే, వైట్‌చాపెల్‌లో నేను దిగిన చిన్న లాడ్జి విల్టన్స్‌కు దగ్గర, అంతే. లిఫ్టు లేదు, మెట్లు ఇరుకు, పెట్టె తెరిస్తే గదిలో కాలు పెట్టే చోటు లేదు. పెద్దవాళ్లు వెంట ఉంటే ఈస్ట్ హామ్‌లో దిగండి. ఇడ్లీ, దోశ దొరుకుతాయి, డిస్ట్రిక్ట్ లైన్ రైలు నేరుగా టవర్ హిల్‌కు వస్తుంది. ఆట ముగిశాక అదే దారిలో వెనక్కి రావచ్చు.