మాగుంట లేఅవుట్ రేసింగ్ సిమ్యులేటర్: ఓ రిటైర్డ్ బస్సు డ్రైవరు మార్కులు

మనవడు పట్టుబట్టి నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో ఓ రేసింగ్ సిమ్యులేటర్ (కుర్చీలో కూర్చుని తెర మీద రేసు కారు తోలే ఆట) అంగడికి తీసుకుపోయాడు. 20 నిమిషాలకు 300 రూపాయలు. ఆర్టీసీలో 29 ఏళ్లు జీతం తీసుకుని స్టీరింగ్ పట్టినోణ్ణి, ఎదురు డబ్బులిచ్చి పట్టడం ఇదే మొదలు.

దారి పొడుగునా వాడిది ఒకటే పాట. ఇప్పటి ఫార్ములా వన్ డ్రైవర్ల ముందు 1950ల నాటి రేసు డ్రైవరు ఫాంజియో ఎంత తాతా, అని. రెండు కాలాల బళ్లూ అందులో ఉన్నాయిగా, తోలి చూద్దాం పదరా అన్నా.

ముందు 1950ల నాటి బండి. స్టీరింగ్ బాగుంది. మలుపులో వెనక టైర్లు జారేది చేతికి తెలుస్తా ఉంది. మోసమంతా గేర్ల దగ్గరే. క్లచ్ తొక్కకపోయినా గేరు వెన్నలోకి దిగినట్టు దిగుతోంది! నేను పని నేర్చుకున్న బస్సుకి డబల్ క్లచ్ కొట్టాలి. తొక్కి న్యూట్రల్‌కి తెచ్చి, వదిలి, యాక్సిలరేటర్ ఓ పోటు ఇచ్చి, మళ్లీ తొక్కితేనే కింది గేరు. లెక్క తప్పితే కర్రుమని అరిచేది, బస్సంతా నా వైపు చూసేది. ఫాంజియో కాలపోళ్లు ఇదంతా బ్రేకు మీద కాలు తియ్యకుండానే చేసేవాళ్లు. 1955 అర్జెంటీనా రేసులో ఎండకు తాళలేక చాలామంది మధ్యలో దిగి బండి ఇంకొకరికిచ్చారు. ఫాంజియో మాత్రం 3 గంటలూ ఒక్కడే తోలి గెలిచాడు. రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం ఉదయగిరి ట్రిప్పు వేసినోడికి తెలుస్తుంది అదేంటో. ఇక్కడేమో ఏసీకి నాకు తుమ్ములు.

తర్వాత ఇప్పటి బండి. పవర్ స్టీరింగ్, గేర్లు మార్చను స్టీరింగ్ వెనక వేళ్లతో లాగే రెక్కలు. 1989లో ఫెరారీ తెచ్చింది ఆ పద్ధతి. ఇదేం కష్టంరా అనబోయి ఆగా. అసలు బండిలో బ్రేకు మీద 100 కిలోలకు పైగా బలం పెట్టాలి. ఇక్కడిది మా ఇంటి కుట్టుమిషను పెడలంత తేలిక. ఇక మెడ. వేగంగా మలుపు తిరిగితే బరువు 5 రెట్లు. తలా హెల్మెట్టూ కలిపి ఆరేడు కిలోలనుకున్నా, 25 కిలోల బియ్యం బస్తాని మించిన బరువు మెడని పక్కకు లాగుతుంది. 2023 ఖతర్ రేసులో ఒకాన్ అనే డ్రైవరు హెల్మెట్‌లోనే వాంతి చేసుకుని కూడా చివరిదాకా తోలాడు. సార్జెంట్ అనే ఇంకో డ్రైవరు వల్లగాక దిగిపోయాడు. ఈ కుర్చీలో నా మెడ ఇంచీ కదల్లేదు. అందుకే కుర్రోళ్లకి రెండు బళ్లూ ఒకేలా తేలికనిపిస్తాయి.

క్లచ్ సంగతి అంగడి అబ్బాయినడిగా. "ఆటో క్లచ్ ఆన్‌లో పెట్టాం పెద్దాయనా, క్లచ్ దానంతటదే పడుతుంది, లేకుంటే పిల్లకాయలు బండే కదిలించలేరు" అన్నాడు. తీయించా. మనవడికి మూడుసార్లు బండి ఆఫ్ అయిపోయింది.

5కి 3 మార్కులు. పోయేవాళ్లు డబ్బు కట్టేముందే ఆటో క్లచ్ తీసెయ్యమనండి.