సంక్రాంతి ఫొటోకు పొద్దు దారి చూపిన యాప్: మూడేళ్ల వాడకం తర్వాత

సూర్యుడి దారిని ఫోను తెర మీద చూపించే యాప్‌లు చాలా ఉన్నాయి. నేను వాడుతున్నది వాటిలో ఒకటి. ఉదయాస్తమయాల వేళలు, చంద్రుడి కళలు, పటం మీద దిక్కుల గీతలు అన్నింటిలోనూ ఉండేవే కాబట్టి వాటి జోలికి పోను. నేను దీన్ని ఇన్నాళ్లు ఉంచుకున్నది ఒకే ఒక్క సదుపాయం కోసం. కెమెరా తెరిచి ఫోనును ఆకాశం వైపు పట్టుకుంటే, మనం కోరిన తేదీన సూర్యుడు ఏ దారిన దిగుతాడో, ఎదురుగా ఉన్న చెట్ల మీదుగా, ఇళ్ల మీదుగా ఒక గీత కనిపిస్తుంది. గీత పొడవునా గంటకొక చుక్క ఉంటుంది. ఆ గీత నాకిచ్చిన సంతోషం ఇంతా అంతా కాదు. ఒకసారి పండగ పూట నన్ను నడిమధ్యలో వదిలేసింది కూడా. రెండూ చెప్పాలి.

మా ఊరు కోనసీమలో. నేనుండేది హైదరాబాదులో. ఇంటిల్లిపాదీ ఒకచోట చేరేది సంక్రాంతికే. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు గానీ, మా వైపు ఆ రోజు సగం ఇల్లు జగ్గన్నతోట ప్రభల తీర్థం జాతరకు కదులుతుంది. భోగి రోజు ఇంకా ఎవరో ఒకరు బస్సులోనే ఉంటారు. అందుకే పెద్ద పండగ సాయంత్రమే ఫొటో. పందొమ్మిది మందిమి. అందరికన్నా పెద్ద మా మామ్మ, అందరికన్నా చిన్న మా తమ్ముడి కూతురు. వీళ్లిద్దరూ ఓపికగా కూర్చోగలిగేది ఇరవై నిమిషాలు. ఏర్పాట్లన్నీ ఆ ఇరవై నిమిషాల చుట్టూనే తిరుగుతాయి.

2022లో నా దగ్గర ఈ యాప్ లేదు. అస్తమయం 5:48కి అని ఫోను చెప్పింది. దానికి ముందు గంట వెలుతురు బంగారంలా ఉంటుందని ఎక్కడ చదివినా ఉంటుంది కదా, అయిదింటికి అందరినీ పెరటి తోటలోకి రమ్మన్నాను. వెళ్లేసరికి వెలుతురు లేదు. ఆకాశం తెల్లగా ఉంది, పొద్దు ఇంకా మునగలేదు, కానీ తోటంతా బూడిదరంగు నీడ. ఫొటోలో ముఖాలన్నీ పాలిపోయాయి, పిల్లలు ముగ్గురూ చెదిరిపోయారు.

కారణం తర్వాత లెక్కవేసుకుంటే అర్థమైంది. అస్తమయానికి దాదాపు యాభై నిమిషాల ముందు, జనవరిలో మా ఊళ్లో సూర్యుడు దిగంతానికి పది డిగ్రీల ఎత్తులో ఉంటాడు. అప్పుడు ఏ వస్తువు నీడైనా దాని ఎత్తుకు అయిదున్నర రెట్లకు పైగా సాగుతుంది. అరవై అడుగుల కొబ్బరిచెట్టు నీడ 340 అడుగులు. అలాంటి చెట్లు వరసలు వరసలుగా ఉన్న చోట పంచాంగంలోని అస్తమయంతో పని లేదు. పొద్దు కొబ్బరి మట్టల వెనక్కి ఎప్పుడు పోతుందన్నదే అసలు అస్తమయం. సముద్రపు ఒడ్డున, బీడు భూముల్లో ఫొటోలు తీసేవాళ్లు రాసిన సలహాలు మా తోటల్లో గంట ఆలస్యం.

ఆ బాధతోనే యాప్ కొన్నాను. ఆ ఏడాది మే నెలలో ఊరికి వెళ్లినప్పుడు ఇంటి వెనక పంట కాలువ గట్టు మీద నిలబడి మొదటిసారి కెమెరా తెరిచాను. వేసవి మరమ్మతులకని నీళ్లు ఆపేయడంతో కాలువ ఎండిపోయి ఉంది. ఆ సాయంత్రం పొద్దు రామాలయం పక్కగా వాలుతోంది. కళ్ల ముందు కనిపిస్తున్నదాన్ని బట్టి అయితే కుర్చీలు ఆ దిక్కుకే వేయాలనుకునేదాన్ని. తేదీని జనవరి 15కు మార్చాను. గీత తెర మీద నుంచి మాయమైంది. ఫోను పట్టుకుని ఎడమవైపుకు తిరుగుతూ పోతే, రామాలయానికి చాలా దూరంగా, పక్క పొలంలోని రెండు తాటిచెట్ల దగ్గర మళ్లీ కనిపించింది. ఉత్తరం నుంచి కుడిగా కొలిస్తే, మే 20 ప్రాంతంలో అస్తమయం 291 డిగ్రీల దిక్కున, సంక్రాంతికి 248 డిగ్రీల దిక్కున. పడమర అని ఒకే మాట అంటాం గానీ, ఆ ఒక్క పడమరలో నలభై మూడు డిగ్రీల తేడా ఉంది. సంక్రాంతితో ఉత్తరాయణం మొదలైందని అనుకుంటాం. నిజానికి డిసెంబరు 21 నాటి దక్షిణపు కొస నుంచి అస్తమయ స్థానం అప్పటికి ఉత్తరానికి జరిగేది రెండు డిగ్రీలకు కాస్త ఎక్కువ, అంతే.

గీత ఆ రెండు తాటిచెట్ల మధ్య సందులోంచి దిగుతోంది. అయిదు గంటల చుక్క సందులో, అడ్డేమీ లేకుండా, ఖాళీ ఆకాశం మీద ఉంది. కొంచెం కిందికి, దూరపు తోట తలల మీద, వెలుతురు ముగుస్తుందని లెక్క తేలింది. నేను నిలబడిన చోట కాలి కింద ఒక ఇటుక ముక్క పాతిపెట్టి వచ్చాను.

2023 జనవరి 15. కాలువ నిండా నీళ్లు. ఇటుక ముక్క అలాగే ఉంది. 4:35కల్లా కుర్చీలు వేసి అందరినీ సర్దాను. ఆ సమయానికి పొద్దు ఎడమ తాటిచెట్టు మట్టల వెనక ఉంది, మా మీద మసక నీడ. పెదనాన్న చెట్టు వైపూ నా వైపూ మార్చి మార్చి చూస్తున్నాడు. 4:50 దాటాక, యాప్ చెప్పిన దానికి రెండు నిమిషాలు అటుగా, వెలుతురు సందులోంచి వచ్చి గట్టు మీద పడింది. పక్కనుంచి, కాస్త వెనకనుంచి. మామ్మ నెరిసిన జుట్టు అంచు వెంట సన్నని వెలుగు. పెదనాన్న పట్టు కండువా జరీ మెరిసింది. పాప చెవి తమ్మెలోంచి వెలుతురు దూరి ఎర్రగా, పలచగా, దీపం లోపలుందా అన్నట్టు కనిపించింది. నాకు ఫొటో తీయడం ఒక్క క్షణం గుర్తు రాలేదు. ఎనిమిది నెలల ముందు ఎండిన కాలువ పక్కన తెర మీద చూసిన గీత, కళ్ల ముందు నిజమైంది. ఇరవై మూడు నిమిషాలు నిలిచిందా వెలుతురు. అప్పుడు ఈ యాప్ గురించి ఎవరడిగినా ఇంతకన్నా గొప్ప వస్తువు లేదని చెప్పాను.

ఆ ఫొటోను పెద్దగా అచ్చు వేయించినప్పుడు ఒక సంగతి కనబడింది. పక్క వెలుతురులో ఒక చెంప వెలిగితే రెండో చెంప చీకటి. చివర కూర్చున్న ఇద్దరి ముఖాల మీద పక్కవాళ్ల తల నీడ. ఒక్కరినో ఇద్దరినో తీస్తే ఆ వెలుతురు అద్భుతం. పందొమ్మిది మందిని రెండు వరసల్లో కూర్చోబెడితే అంత కాదు. అప్పట్లో సంతోషంలో ఇది నాకు పట్టలేదు.

ఇక 2024. సంక్రాంతి సూర్యుడి నడకను బట్టి వచ్చే పండగ. ఉగాదిలా, దీపావళిలా తేదీ ముందుకూ వెనక్కూ పోదు. కాబట్టి ఒకసారి దొరికిన చోటు ఏటా పనికొస్తుందని ధీమాగా ఉన్నాను. భోగి నాడు ఊరు చేరి చూస్తే, తాటిచెట్ల సందుకు అడ్డంగా పక్కవాళ్లు మేడ మీద మేడ కట్టారు. మర్నాడే ఫొటో. భోగి మంట దగ్గర నుంచి నేరుగా ఫోను పట్టుకుని కొత్త చోటు వెతకబోయాను. దట్టమైన మంచు. సూర్యుడు కనిపించడం లేదు, పది గజాల అవతల చెట్టూ సరిగా కనిపించడం లేదు. అయినా గీత తెర మీద నిక్షేపంగా ఉంది. పశువుల పాక పక్కన నిలబడితే, గీత మామిడిచెట్టుకు కుడిగా ఖాళీలోంచి పోతోంది. అక్కడే అని తేల్చేశాను.

సంక్రాంతి సాయంత్రం అందరూ కొత్త బట్టలతో పాక పక్కన కూర్చున్నారు. పొద్దు ఆ ఖాళీలోకి రాలేదు. దాదాపు ఇరవై డిగ్రీలు ఎడమగా, నేరుగా మామిడిచెట్టు గుబురులోకి దిగిపోయింది. 4:45కే వెలుతురు పోయింది. ఫోనును అటూ ఇటూ తిప్పుతున్నాను, గీత మాత్రం ఖాళీనే చూపిస్తోంది. "ఇంకెంతసేపు కూర్చోవాలమ్మా?" అని మామ్మ నెమ్మదిగా అడిగింది. మామ్మ ఎప్పుడూ అలా అడగదు. నాకు గొంతు పూడుకుపోయింది.

తప్పు ఎక్కడుందో రాత్రికి గానీ తెలియలేదు. డిసెంబరులో ఫోనుకు కొత్త కవరు వేయించాను. మూత అంటుకోవడానికి అందులో చిన్న అయస్కాంతం ఉంది. కెమెరా వాడేటప్పుడు మూతను వెనక్కి మడిస్తే అయస్కాంతం ఫోను వీపుకు తగులుతుంది. గీతకు ఆధారం ఫోనులోని దిక్సూచి. అది అయస్కాంతం వైపు లాగబడితే ఆకాశమంతా పక్కకు జరుగుతుంది. కవరు తీసి, ఫోనును గాలిలో ఎనిమిది అంకెలా నాలుగైదుసార్లు తిప్పాక గీత మామిడిచెట్టు మీదికి వచ్చి కూర్చుంది. ఇనుప గేటు, ట్రాక్టరు, కారు, మోటారు దగ్గర నిలబడినా ఇదే జరుగుతుంది. యాప్ ఒక్క హెచ్చరిక కూడా ఇవ్వలేదన్నదే నా కోపం. దిక్కు తప్పినా గీత ఒకే తీరుగా, అంతే స్పష్టంగా కనిపిస్తుంది. ఇప్పుడు నా పద్ధతి ఒకటే. ముందు తేదీని ఈ రోజుకు పెట్టి, తెర మీది సూర్యుడు నిజం సూర్యుడి మీద సరిగ్గా కూర్చున్నాడా అని చూస్తాను. కూర్చుంటేనే తేదీ మారుస్తాను. పొద్దు కనిపించని రోజున ఆ గీతను నమ్మను.

ఆ సాయంత్రాన్ని నిలబెట్టింది పెదనాన్న. "అమ్మాయ్, ఇక్కడ చీకటి పడింది గానీ చేలో చూడు, ఎంత వెలుగుందో" అన్నాడు. ఇంటి ముందు పుంత దారికి పడమరగా మా దాళ్వా (రెండో పంట) వరి చేను. దమ్ము చేసి, అంటే బురదగా దున్ని, నీళ్లు నిలగట్టారు, సగం మేర నాట్లు పడ్డాయి. కుర్చీలు మోసుకుని పుంత మీద, చేనుకు ఎదురుగా వేశాం. పొద్దు దూరపు తోటల వెనక్కి పోయింది గానీ పడమటి ఆకాశం పసుపుగా ఉంది. ఆ ఆకాశమంతా నీళ్లలో పరుచుకుంది. వెలుతురు పైనుంచీ వస్తోంది, కిందనుంచీ వస్తోంది. మామ్మ కళ్ల కింద గుంటలు ఏ ఫొటోలోనూ లేనంతగా తేలికపడ్డాయి. ఎవరూ కళ్లు చికిలించలేదు, ఎవరి నీడా ఎవరి మీదా పడలేదు. 5:25 నుంచి పది నిమిషాలు తీశాను. మా హాల్లో పటం కట్టి పెట్టినది ఆ ఫొటోయే. అందులో సూర్యుడి ఎండ ఒక్క పిసరు కూడా లేదు.

కొనమంటానా అంటే, నా సంగతి వేరు. ఏడాదికి రెండుసార్లు ఊరు చూసేదాన్ని. మేలో నిలబడి జనవరిని చూడాల్సిన అవసరం నాకుంది కాబట్టి నాకు ఇది విలువైనదే. సిగ్నల్ లేకపోయినా గీత వస్తుంది, అది మాకు పెద్ద మేలు. ఊళ్లోనే ఉండేవాళ్లకు దీని అవసరం లేదు. పండగకు వారం ముందు ఒక సాయంత్రం అక్కడ నిలబడి పొద్దు ఏ చెట్టు వెనక్కి, ఎన్ని గంటలకు పోయిందో చూసుకుంటే చాలు, ఆ వారంలో తేడా ఒక డిగ్రీకి కాస్త అటూ ఇటూగానే ఉంటుంది. చుట్టూ అడ్డు లేని మైదానంలో తీసేవాళ్లకు అస్తమయ వేళ తెలిస్తే సరిపోతుంది. చెట్ల మధ్య, మేడల మధ్య, కొత్త చోట, చాలా ముందుగా ఏర్పాటు చేసుకోవలసిన వాళ్లకు మాత్రం ఆ కెమెరా గీతకు సాటి వచ్చేది నాకు తెలిసి మరొకటి లేదు. కవరు తీసి వాడండి.

మొన్న మే నెలలో మళ్లీ పుంత మీద నిలబడి తేదీ మార్చి చూశాను. ఈసారి నేను చూసుకున్నది పొద్దు కనిపించే వేళ కాదు, అది తోటల వెనక్కి వెళ్లాక పడమటి ఆకాశం చేనుకు ఎదురుగా ఉంటుందా లేదా అన్నది. ఉంటుంది. చేలో నీళ్లు మాత్రం యాప్‌లో కనిపించవు. పెదనాన్నను అడిగితే, కాలువ నీళ్లు వేళకు అందితే పండగకు నాలుగు రోజుల ముందు దమ్ము చేయించి, ఫొటో అయ్యాకే నాట్లు వేయిస్తానన్నాడు.