కోనసీమా, వైజాగ్–భీమిలి తీరమా? రెండుమూడు రోజుల ట్రిప్‌కి ఏది మేలు

సముద్రం చూడాలి, పల్లెటూళ్ళూ చూడాలి, రెండుమూడు రోజులకి మించి సెలవు లేదు, మరి కోనసీమ వెళ్ళాలా వైజాగ్–భీమిలి వెళ్ళాలా అని సెలవులు దగ్గరపడితే చాలు ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. రెండూ బావుంటాయండీ అనేస్తే అది జవాబు కాదు, ఎందుకంటే ఈ రెండు చోట్లా దొరికేది వేరు, అసలు మీరు వెళ్ళే నెలని బట్టి కూడా జవాబు మారిపోతుంది.

ముందు సముద్రం సంగతి తేల్చేద్దాం. సముద్రమే ముఖ్యం అనుకుంటే వైజాగే, ఇందులో వాదన లేదు. ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా ఓ 25-30 కిలోమీటర్ల రోడ్డు, ఒకపక్క కొండలు ఇంకోపక్క నీళ్ళు, మధ్యలో కైలాసగిరి, రుషికొండ, తొట్లకొండ మీద బౌద్ధారామం శిథిలాలు, ఎర్రమట్టి దిబ్బలు, చివర్లో భీమిలి దగ్గర గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు, డచ్చివాళ్ళ సమాధులు. సొంత బండి లేకపోయినా పర్లేదు, 900కె సిటీ బస్సు బీచ్ రోడ్డు మీదుగానే భీమిలి వెళ్తుంది. వానొస్తే కురుసుర సబ్‌మెరైన్ లోపలికెళ్ళి చూడొచ్చు. చిన్నపిల్లలతో, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకి వైజాగ్ సుఖం, హాస్పిటల్ దగ్గర, హోటల్ దగ్గర. కాకపోతే స్నానానికి దిగేముందు మాత్రం లైఫ్‌గార్డులు ఏం చెప్తే అది వినండి, ఆ తీరంలో కెరటాలు లోపలికి లాగేస్తాయి.

కోనసీమలో సముద్రం అలా ఉండదు. అంతర్వేది అయినా ఓడలరేవు అయినా గోదారి తెచ్చిన ఒండ్రు కలిసి నీళ్ళు మట్టిరంగులో ఉంటాయి, నీలం రంగు ఊహించుకుని వెళ్తే నిరాశే. కానీ అంతర్వేదిలో నరసింహస్వామి దర్శనం చేసుకుని అన్నాచెల్లెళ్ళ గట్టు దాకా వెళ్ళి నిలబడితే, వశిష్ఠ గోదారి ఎక్కడ అయిపోయిందో సముద్రం ఎక్కడ మొదలైందో కళ్ళెదుటే ఉన్నా తేల్చుకోలేం. ఇది నాకు ఏ బీచ్‌లోనూ దొరకలేదు.

ఇక పల్లె సంగతి. వైజాగ్ నుంచి పల్లె వాతావరణం కావాలంటే అందరూ అరకు అంటారు. అరకు బావుంటుంది, కాదన్ను, కానీ అది 115 కిలోమీటర్ల దూరంలో ఉన్న కొండప్రాంతం, రానూపోనూ ఓ రోజు పోతుంది, మీ మూడ్రోజుల్లో ఒకటి తగ్గిపోయినట్టే. కోనసీమలో ఆ బెడద లేదు. అక్కడ ఒక చోటు నుంచి ఇంకో చోటుకి వెళ్ళే దారే అసలు ట్రిప్పు. రాజమండ్రిలో దిగి, 1852 నాటికి కాటన్ దొర ఆనకట్ట కట్టించిన ధవళేశ్వరం దగ్గర గోదారి దాటి, బొబ్బర్లంక నుంచి కాలవ గట్టు పట్టుకుని ఆత్రేయపురం, లొల్ల లాకులు, రావులపాలెం, కొత్తపేట, అమలాపురం అలా వెళ్తూ ఉంటే పక్కనే కాలవ, అవతల వరిచేలు, వాటి వెనక కొబ్బరితోటలు. ఆత్రేయపురంలో పూతరేకులు చుడుతుంటే నిలబడి చూడండి, పొట్లం కొనుక్కుని వచ్చేయకండి. ఒక్క మాట, శనివారం అటు వెళ్ళొద్దు, వాడపల్లి వెంకన్న దర్శనానికొచ్చే జనంతో ఆ రోడ్డంతా నిండిపోతుంది.

అందుకే నా దృష్టిలో మొత్తం నిర్ణయం ఒక్క ప్రశ్న మీద ఉంది: కాలవల్లో నీళ్ళున్నాయా లేదా? ఎవరూ ఇది అడగరు, హోటల్ రేట్లు అడుగుతారు. దాళ్వా వరి, అంటే రెండో పంట, చేతికొచ్చాక, మామూలుగా ఏప్రిల్లో, మరమ్మతులకని కాలవలు కట్టేస్తారు, మళ్ళీ జూన్లో వదుల్తారు. ఆ మధ్యలో వెళ్తే అడుగు తేలిన కాలవలు, కోసేసిన చేలు, ఎండ, ఉక్కపోత. పిల్లలకి వేసవి సెలవులు కాబట్టి అందరూ సరిగ్గా అప్పుడే వెళ్ళి కోనసీమ ఏముంది ఇంతేనా అంటారు, నాకు బాధేస్తుంది. జూలై, ఆగస్టుల్లో పచ్చగానే ఉంటుంది గానీ గోదారికి వరదొస్తే నది మధ్య లంకగ్రామాలకి దారులు మునిగిపోతాయి, నరసాపురం–సఖినేటిపల్లి రేవులో జనాన్నీ బళ్ళనీ దాటించే పంటు కూడా ఆపేస్తారు. వరదలు తగ్గాక అక్టోబరు నుంచి కోతల ముందు దాకా ఒక మంచి టైము, దాళ్వా పచ్చబడే జనవరి చివర నుంచి మార్చి దాకా ఇంకో మంచి టైము. మొన్న మా ఇంట్లో ఇదే చర్చ వస్తే ఫిబ్రవరి కదా అని నేను రెండో ఆలోచన లేకుండా కోనసీమ అన్నాను. కనుమ నాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం, అంటే చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు అలంకరించిన ప్రభలు మోసుకొచ్చే జాతర, చూడ్డం గొప్ప అనుభవమే, కాకపోతే రూము ముందే చూసుకోవాలి.

కోనసీమకి బండి తప్పనిసరి, కారైనా మోటర్‌సైకిలైనా. అమలాపురానికి రైలు లేదు. నరసాపురం రైలెక్కి పాలకొల్లులో దిగితే చించినాడ వంతెన దాటగానే దిండి వచ్చేస్తుంది, రిసార్టులు, హౌస్‌బోట్లు అక్కడే. హౌస్‌బోట్ ఒక రాత్రికి సరదాగా ఉంటుంది, రెండు రాత్రులు అందులోనే గడిపేస్తే మాత్రం ఊళ్ళు చూడనట్టే. దిండిలో ఉండి ఒకరోజు అంతర్వేది, ఇంకోరోజు అప్పనపల్లి బాలబాలాజీ, అయినవిల్లి వినాయకుడు, టైముంటే ఎదుర్లంక వంతెన మీద గౌతమి దాటి యానాం, అంతే చాలు, ఎక్కువ కుక్కొద్దు.

మిగతావి కూడా అడుగుతున్నారు కాబట్టి: బాపట్ల దగ్గర సూర్యలంక హైదరాబాద్ వాళ్ళకి దగ్గర, ఒక రాత్రికి సరిపోతుంది, వీకెండ్ రద్దీ ఎక్కువ. దివిసీమలో కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవి ప్రశాంతంగా ఉంటుంది కానీ బస దగ్గర్లో దొరకడం కష్టం, విజయవాడ నుంచి పొద్దున్నే బయల్దేరి వచ్చేయడమే. పులికాట్ సరస్సు వైపు పక్షుల కోసమైతే చలికాలంలో వెళ్ళండి, లేకపోతే వద్దు.

కాబట్టి మే నెల సెలవులైతే వైజాగ్ టికెట్లు తీసుకోండి, కోనసీమని దసరా తర్వాతకో ఫిబ్రవరికో వాయిదా వేయండి. ఈత కొట్టే పిల్లలుంటే ఏ నెలైనా వైజాగే. ఇవేవీ అడ్డు కాకపోతే కోనసీమకే వెళ్ళండి, రాజమండ్రిలో బండి మాట్లాడుకునేటప్పుడు హైవే మీదుగా కాకుండా బొబ్బర్లంక గట్టు మీదుగా తీసుకెళ్ళమని డ్రైవర్‌కి ముందే చెప్పండి.