నీటిపిల్లి దత్తత: ఆరేళ్ల ఉత్తరాలు, ఎనిమిది నెలల బాకీ

2019 ఆగస్టులో, ఒక వన్యప్రాణి సంరక్షణ సంస్థ ద్వారా, నెలకు 500 రూపాయల చొప్పున ఒక నీటిపిల్లిని, అంటే చేపలు పట్టి తినే అడవిపిల్లిని, ప్రతీకాత్మకంగా దత్తత తీసుకున్నాను. ఫలానా జంతువు మన పేరున ఉండదనీ, కట్టిన సొమ్ము ఆ జాతి కోసం జరిగే పనులన్నిటికీ కలిపి ఖర్చవుతుందనీ తెలిసే చేరాను కనుక ఆ విషయంలో నాకు ఫిర్యాదేమీ లేదు. చేరినప్పుడు వాళ్లు పంపిన దత్తత పత్రం బీరువాలో ఉంది. దానితో వచ్చిన పిల్లి బొమ్మను మా అమ్మాయి రెండేళ్లు తిరక్కుండానే పక్కింటి పాపకు ఇచ్చేసింది. నేను ఇన్నాళ్లు కొనసాగడానికి కారణం మూడు నెలలకొకసారి ఇంటికి వచ్చే ఉత్తరం.

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ దుకాణానికి లెక్కలు రాస్తాను. రోజంతా బస్తాలు, తూకాలు, పట్టీలు చూసి ఇంటికి వెళ్లేవాడికి ఆ రెండు పేజీల ఉత్తరం ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను. అందులో గొప్పలు ఉండేవి కావు. పోటు వచ్చి కెమెరా పెట్టె మునిగిపోయిందనీ, చారల్ని బట్టి పులుల్ని పోల్చినట్టే ఒంటిమీది మచ్చల్ని బట్టి ఈ పిల్లుల్ని ఒకదానినుంచి ఒకటి వేరు చేస్తారు గనుక బాటకు రెండు వైపులా కెమెరాలు పెట్టవలసి వస్తున్నదనీ, ఇలాంటి సంగతులే ఉండేవి.

2020లో వచ్చిన ఒక ఉత్తరంలో తడి బురదలో పడిన అడుగు ఫొటో వేశారు. పక్కన కొలత కోసం పది రూపాయల నాణెం, అడుగు ముందు సన్నని గోళ్ల గుర్తులు. ఇంటి పిల్లి నడిస్తే గోళ్ల జాడ పడదు; నీటిపిల్లి గోళ్లు పూర్తిగా లోపలికి ముడుచుకోవు కాబట్టి దాని అడుగులో అవి కనిపిస్తాయట. 2021 సంక్రాంతికి నిజాంపట్నం దగ్గర చేపల చెరువు చేస్తున్న మా బావమరిది ఇంటికి వెళ్లినప్పుడు చెరువు గట్టుమీద అచ్చం అలాంటి అడుగులే చూశాను. "ఏదో చిరుతపిల్ల బావా, చేపలకు మరిగింది, ఉచ్చు పెట్టిద్దామనుకుంటున్నాం" అన్నాడు వాడు. అది చిరుతపిల్ల కాదనీ, ఇంటి పిల్లికి రెండింతలు పెరిగే నీటిపిల్లి అనీ, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో పులితోపాటు ఉన్న జంతువనీ, ఉచ్చు వేస్తే జైలు తప్పదనీ చెప్పాను. ఉచ్చు మాట అంతటితో ఆగింది. కట్టిన ప్రతి రూపాయీ ఆ రోజుతో చెల్లిపోయిందనుకున్నాను.

అసలు గొడవ ఆ తరువాతి సంవత్సరం జరిగింది. 2022 మే చివర సంస్థవారు విరాళపు ధ్రువపత్రం, అంటే ఫారం 10బీఈ పంపారు. మార్చితో ముగిసిన ఏడాదికి ఆరు వేలు ఉండవలసిన చోట మూడు వేలే ఉంది. పొరపాటు వాళ్లదేనన్న ధీమాతో పాస్‌బుక్ తీస్తే, 2021 సెప్టెంబరు తరువాత ఒక్క నెల కూడా సొమ్ము పోలేదు. కార్డుల మీద ఆటో డెబిట్‌కు ఖాతాదారు మళ్లీ ప్రత్యేకంగా అనుమతి ఇవ్వాలన్న రిజర్వు బ్యాంకు నిబంధన ఆ అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. నేను ఇవ్వలేదు, చెల్లింపు ఆగిపోయింది. బ్యాంకు ముందే మెసేజ్ పంపింది, అది రుణాల ప్రకటనల మధ్య కలిసిపోయింది. పదిమంది రైతుల బాకీలు పైసలతో సహా చెప్పగలిగినవాడిని, నా ఖాతాలో ఎనిమిది నెలలు ఏం జరిగిందో చూసుకోలేదు.

అయితే నన్ను బాధించినది అది కాదు. ఆ ఎనిమిది నెలల్లో, జనవరిలో ఒకటి, ఏప్రిల్‌లో ఒకటి, రెండు ఉత్తరాలు వచ్చాయి. రెండింటిలోనూ నా పేరు రాసి, "ఈ మూడు నెలల్లో మీరు అందించిన సాయంతో" అని మొదలుపెట్టారు. నేను అందించింది సున్నా. ఫోన్ చేస్తే అవతలి అమ్మాయి ఎంతో మర్యాదగా, "ఉత్తరాలు జాబితాను బట్టి వెళ్తాయండీ, చెల్లింపులు వేరే విభాగం చూస్తుందండీ" అంది. ఆగిన సంగతి ఒక్క ముక్క ఎందుకు రాయలేదని అడిగితే, దాతలను ఇబ్బంది పెట్టకూడదని రాయలేదట. 4,000 రూపాయల బాకీ ఆ రోజే కట్టేసి, యూపీఐ ద్వారా ఆటోపే పెట్టుకున్నాను. ఇప్పుడు సొమ్ము తీసే ముందురోజు ఫోనుకు కబురు వస్తుంది.

ఉత్తరాలు ఇప్పటికీ బాగానే ఉన్నాయి, బురదా కెమెరాల కబుర్లు తగ్గలేదు. పై వరుసలో నా పేరు ఉన్నచోట మాత్రం చదవకుండా రెండో పేరాకు వెళ్తున్నాను.

ఇది ఎవరికి తగునంటే చెప్పడం కష్టం. ఒక జంతువును కళ్లారా చూసి, దాని మేతకే తమ డబ్బు చేరాలనుకునేవారికి విశాఖ జూలోని దత్తతే మేలు. నాకు నిజాంపట్నంలో బావమరిది ఉన్నాడు, ఆ గట్టు ఉంది కనుక ఈ ఉత్తరాలకు ఒక ఉపయోగం దొరికింది; అది లేనివారికి ఇదే ఉత్తరం ఎంత పనికొస్తుందో హామీ ఇవ్వలేను. పైగా నేను ఇంకా పాత పన్ను విధానంలోనే ఉన్నాను, విరాళంలో సగానికి ఆదాయపు పన్ను మినహాయింపు వస్తున్నది. కొత్త విధానంలో అది లేదు. వచ్చే ఏడాది మారితే ఈ ఐదువందలు కొనసాగించాలా వద్దా అన్నది మా ఇంట్లో ఇంకా తేలలేదు.